బల్లి పడ్డ నీళ్లు

ఆ పొద్దున ఆకాశం తోమి బోర్లించిన పళ్లెంలా ఉంది. ఎటు చూసినా మబ్బు తునక లేదు.

ఫణిభూషణ్ పడవ అంచున నిలబడి నెత్తి మీద మంచినీళ్లు గుమ్మరించుకుంటున్నాడు.

"సారూ, సముద్రంల మునిగి, ఆఖరుకు ఒక్క చెంబు పోస్కోరాదుండ్రి," అన్నాడు బాలనర్సయ్య.

"వంటవాడివి, వంట చూసుకో. నా స్నానం నేను చూసుకుంటా."

పన్నెండు రోజులు సాగి, వాళ్ల తెరచాప పడవ ముందురోజే ఆ దీవి దగ్గర లంగరు వేసింది. పాతిక గుడిసెలు, కొబ్బరిచెట్లు, కొత్తగా వేసిన ఒక ఫోన్ టవరు. దూలపల్లి విల్లాలో కూర్చుని మొగుడూ పెళ్లాం మూడేళ్లు కలగన్న చోటు అది.

ఫణిభూషణ్‌దీ అనూహ్యదీ కాకినాడ వైపు. సముద్రం తమ ఇంటి పెరడైనట్టు మాట్లాడతారు. వంటకు మాత్రం శామీర్‌పేట నుంచి బాలనర్సయ్యను వెంటబెట్టుకొచ్చారు. కాలనీలో ఫంక్షన్లకు వండే మనిషి. చెరువు తప్ప పెద్ద నీళ్లు చూసి ఎరగడు.

ఎక్కిన రెండు రోజులూ వాంతులే.

"చెరువు కప్పను తెచ్చి సముద్రంలో వేశాం," అని ఫణిభూషణ్ వీడియో తీశాడు. దీవి చేరగానే కాలనీ గ్రూపులో పెట్టాడు. నలభైమంది నవ్వారు.

మూడో రోజు ఆ మనిషి లేచి, ఉన్న రెండు నీళ్ల డ్రమ్ముల్లో ఒకదాని మూతికి గుడ్డ బిగించి కట్టేశాడు.

"ఏంటయ్యా అది?"

"బల్లి వడ్డది సారు. గీ నీళ్లు ఇగ ముట్టకుండ్రి."

"మూత పెట్టడం కూడా చేతకాదా నీకు? సగం నీళ్లు పాడు చేశావు కదయ్యా!"

బాలనర్సయ్య తల వంచుకున్నాడు.

"నాకు వాసన కూడా వస్తోందండీ," అంది అనూహ్య ముక్కు మూసుకుని.

అప్పట్నుంచి ఒక్క డ్రమ్ముతోనే వంట, తాగడం, స్నానం. రోజుకు రెండుసార్లు పోసుకునే ఫణిభూషణ్‌కు ఒక్కసారే దక్కింది. ఆ కసి తీర్చుకునే రోజు ఇన్నాళ్లకు వచ్చింది.

ఒడ్డున, దీవికి వారం వారం వచ్చే సరుకు పడవ కదలడానికి సిద్ధంగా ఉంది. ఫణిభూషణ్ దాన్ని చూపించాడు.

"నీ సంచీ సర్దుకో. ఆ పడవలో వెళ్లిపో. తిరుగు ప్రయాణంలో నిన్ను మోసే ఓపిక మాకు లేదు."

"మరి వంట సారు?"

"నువ్వు చేసింది వంటేనా?"

బాలనర్సయ్య బట్టల సంచీ తీసుకుని, దిగబోతూ ఆగాడు.

"తిరిగి పొయ్యేటందుకు నీళ్లెట్ల సారు? దీవిల బాయి నీళ్లు ఉప్పు కషాయం ఉన్నయి."

"సరుకు పడవ వచ్చే వారం పది క్యాన్లు తెస్తుంది. చెప్పేశాను."

"టాంకరోడు గూడ రేపొస్త అనే అంటడు సారు. వచ్చిన్నాడు వచ్చినట్టు. ఒక్క మాటినుండ్రి... గా బల్లి వడ్డ డ్రమ్ము పారబొయ్యకుండ్రి. అక్కెరకొస్తది."

"బల్లి కషాయం మాకు అక్కరకొస్తుందట! విన్నావా?"

అనూహ్య పడీపడీ నవ్వింది.

సరుకు పడవ కనుమరుగయ్యే వరకన్నా ఫణిభూషణ్ ఆగలేదు. గుడ్డ విప్పి, ముఖం పక్కకు తిప్పుకుని, డ్రమ్ము వంచి పడవంతా కడిగేశాడు. సబ్బు నురగ బాగానే వచ్చింది.

"ఆ నీళ్లకు ఈ మర్యాద చాలు," అన్నాడు.

వారం హాయిగా గడిచింది. ఇసుక, ఎండ, ఫొటోలు.

ఎనిమిదో నాడు ఇంటివైపు గాలి మళ్లింది. ఈ నాలుగు రోజుల్లో బయల్దేరకపోతే ఆపైన తుఫాన్లే అన్నారు దీవివాళ్లు. సరుకు పడవ మాత్రం రాలేదు. ఇంజన్ చెడి ఎక్కడో ఆగిపోయిందట, ఎప్పుడొస్తుందో తెలియదట. మిగిలిన డ్రమ్ములో అడుగున జానెడు నీళ్లున్నాయి.

అప్పుడు అనూహ్య ఫోన్ మోగింది.

"అనూహ్యమ్మా, నేను దుర్గాబాయిని. శామీర్‌పేట్ నుంచి. బాలనర్సయ్య ఇంటిదాన్ని."

"ఆయనింకా ఇంటికి రాలేదా?"

"ఏడ, సముద్రంలనే ఆగిందంట గా పడవ. పొయ్యేనాడు మా ఇంటాయన నాకు ఫోన్ జేసి చెప్పిండు. ఎనిమిదొద్దులైనంక మీకు ఫోన్ జెయ్యమన్నడు. గంతకు ముందు చెయ్యొద్దన్నడు."

"ఏం చెప్పమన్నాడు?"

"గా డ్రమ్ముల బల్లి లేదు గిల్లి లేదమ్మా. మస్తు మంచినీళ్లు. ముందుగాల చెప్తె సారు తానం జేస్తడని దాసిండట."

అనూహ్య ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టింది.

"ఏమనుకోకుండ్రి. గది ఆయన పాత అలవాటు. మేడ్చల్ దిక్కు బోర్లన్ని ఎండిపోయిన యేడు మా బస్తీకి నీళ్లు పంచేటోడు ఆయనే. ఆఖరు డ్రమ్ముకు గుడ్డ గట్టి బల్లి వడ్డదనేటోడు. బస్తీ అంత తిట్టేది, మీదికొచ్చి కొట్టేది గూడ. పడేటోడు గని గుడ్డ ఇప్పేటోడు గాదు. టాంకర్ వారం రాకపోతె అప్పుడు ఇప్పేటోడు."

ఫణిభూషణ్ ఖాళీ డ్రమ్ము వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికే దీవి వైపు తిరిగాడు.

"ఉన్నయి గదమ్మా నీళ్లు? ఇగ పరేషాన్ లేదు. మా బస్తీ పోరగాండ్లంత ఆయన బల్లి నీళ్లు తాగి బతికినోళ్లే."

"ఉన్నాయి," అంది అనూహ్య. ఫోన్ పెట్టేసింది.

దించిన తెరచాప గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఎవరూ దాన్ని ఎత్తలేదు.

ఎండ నడినెత్తికొచ్చాక అనూహ్య పళ్లెంలో పొడి అటుకులు పోసి, ఇద్దరి మధ్యా పెట్టింది. ఇద్దరూ తలలు వంచుకుని నములుతూ కూర్చున్నారు. మంచినీళ్లు ఇమ్మని ఒకరినొకరు అడగలేదు.