డ్రాయింగ్ క్లాసులో నాన్న

దేవుడి ముందు కూర్చున్నా కుదురు చిక్కని మనసుకు ఇంకెక్కడ చిక్కుతుందన్న అనుమానం ఆయనకు ఏళ్ల తరబడి ఉంది. మహమ్మారి కాలంలో జవాబు దొరికింది. అదీ రెండో తరగతి డ్రాయింగ్ క్లాసులో.

అప్పట్లో దణ్ణం పెట్టుకుంటూ కళ్లు మూస్తే చాలు, దగ్గొస్తున్నట్టుండేది. వాసన తెలుస్తోందో లేదోనని సబ్బు, కాఫీ పొడి, చివరికి పిల్ల సాక్సులు కూడా వాసన చూసేవాడు. ఫోనెత్తితే ఆఫీసు వాళ్లవి అన్నీ అర్జెంటు పనులే. అలాంటి రోజుల్లో ఓ పూట కూతురు ఆన్‌లైన్ క్లాసు మధ్యలో మంచం కిందికి పారిపోయింది. హాజరు పోతుందని, మైకు, వీడియో ఆపేసి ఆయనే కూర్చున్నాడు.

"గీత దాటకుండా నెమ్మదిగా రంగెయ్యండి. తొందరేం లేదు," అంది టీచరు.

తొందరేం లేదన్న మాట విని ఎన్నాళ్లయిందో! ఆనాటి నుంచీ పిల్ల స్థానంలో ఆయనే. ఆ అరగంట లేకపోతే పిచ్చెక్కేదే.

ఒకరోజు టీచరు పిడుగులాంటి మాటంది. "ముఖాలు చూసి చాలా రోజులైంది. రేపందరూ వీడియో పెట్టండి."

ఆయన కూతురి దగ్గరికి పరుగెత్తాడు. ఆ అరగంటా పోయినట్టే!

"చిట్టీ, రేపొక్కరోజు కూర్చోవే! నా బంగారు తల్లివి కదూ!"

"నీ బొమ్మ నువ్వే వేసుకో నాన్నా."

"చూడవే, నువ్వైనా చెప్పు!" అన్నాడు భార్యతో.

ఆవిడది కస్టమర్ కేర్ ఉద్యోగం. గొంతులో తేనంతా కస్టమర్లకే అయిపోతుంది. "దొంగ హాజరు వేయించుకుంది మీరు. గోడకుర్చీ వేసేదీ మీరే!"

మర్నాడు తల దువ్వుకుని, వీడియో నొక్కాడు. తెర నిండా మనుషులు. ఒక బట్టతల. ముక్కుకి పచ్చరంగు అంటిన ఒక పెద్దావిడ. చెవి మీద పెన్సిలు పెట్టుకున్న ఒక పోలీసు. ఒక్క పిల్లా లేదు!

టీచరు కోప్పడలేదు. ఒళ్లో ఏడుస్తున్న పసివాణ్ణి భుజాన వేసుకుని, తనూ కళ్లొత్తుకుని, "సరే, ఇవాళ పడవ వేద్దాం," అంది.

ఆయన గాల్లో తేలుతూ గదిలోంచి వచ్చాడు.

"మీ టీచరు దేవతే చిట్టీ! పల్లెత్తు మాటనలేదు. అయినా తప్పు తప్పే. రేపట్నుంచి నువ్వే కూర్చోవాలి."

చిట్టి తల్లి వంక చూసింది. తల్లి చటుక్కున ముఖం తిప్పుకుంది.

"మాకు సెలవులిచ్చి నెలైంది నాన్నా!"