ఓటింగు వేళ టీ

మా ఊరి ప్రసూతి ఆసుపత్రిని మూసేయాలన్న బిల్లు ప్రాంతీయ శాసనసభలో ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. నాకిప్పుడు ఎనిమిదో నెల.

సభలో అందరికన్నా గట్టిగా దాన్ని తిట్టింది ప్రతిపక్ష సభ్యుడైన నా భర్త వెనియామిన్. పక్కింటి క్లావ్దియా పిన్ని క్యాబేజీ కూరి కాల్చిన రొట్టె, పిరోగ్, చేసి తెచ్చింది.

"గవర్నర్ని కడిగేశావట కదా నాయనా!" అని మురిసిపోయి వెళ్ళింది.

"ఓటింగప్పుడు టీవీలో మీ కుర్చీ ఖాళీగా ఉందేం?" భయపడుతూనే అడిగాను.

"క్యాంటీన్‌లో టీ తాగుతున్నా. వద్దని ఓటేస్తే గవర్నర్‌కి కోపం, సరేనంటే జనానికి కోపం. పదహారేళ్ళుగా ఇలాగే గెలుస్తున్నానే, పిచ్చిదానా!"

"మరి నా పురుడు?"

"ఇంకో ఆసుపత్రి నూటిరవై కిలోమీటర్లేగా, కార్లో తీసుకెళ్తా. రేపు ఫొటోగ్రాఫర్ వస్తాడు. ఆసుపత్రి గేటు ముందు నిలబడు, ఎన్నికల కరపత్రంలో వేయాలి."

కన్నీళ్ళు ఆగక తల దించుకున్నాను.

"ఆఁ, రేపూ సరిగ్గా అలాగే" అన్నారాయన.