కామరాజు వెనకే

"గుంత! కుడి పక్క!" అరిచాడు కామరాజు.

ఆదివారం పొద్దున్నే నేరేడ్‌మెట్‌లో బయల్దేరిన సైకిళ్ల గుంపంతా ఎడమకు జరిగింది. ఆయనకు సరిగ్గా వెనకున్న ఝాన్సీలక్ష్మి కూడా ఎడమకు ఒరిగింది.

"ఒకే వరస! వెనక ఆటో ఉంది, దారివ్వండి!"

బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి వస్తున్న ఆటో కాబోలు, గుప్పున కొత్తిమీర వాసన వదిలి ముందుకు వెళ్లిపోయింది. "థాంక్స్ తమ్ముడూ!" అన్నాడు కామరాజు డ్రైవరుతో.

"కామరాజన్న ముందుంటే పరేషానే లేదక్కా," వెనక సైకిల్ మీంచి ఓంప్రకాశ్ అన్నాడు. "రోడ్డు మీద గింత మర్యాద నేనేడ చూడలే."

మర్యాద! ఝాన్సీ పళ్లు బిగించింది.

మూడేళ్ల కిందట, ఇదే రోడ్డు మీద, అంచునే సైకిల్ తొక్కుకుంటూ పోతున్న ఆమెను ఓ కారు వెనక నుంచి గుద్దేసింది. తల నేలకు కొట్టుకుంది. కారు ఆగింది. ఎవరో దిగొచ్చి ఆమె మీదికి వంగారు. మంచినీళ్లు అడుగుదామని ఆమె నోరు తెరిచేలోగా, ఆ మనిషి కారు వైపు తిరిగి ఎవరితోనో అన్నాడు.

"ఊపిరాడుతోందిలే. ఎవరూ చూళ్లేదు, ఎక్కు!"

ఆ కారు పోలీసులకు దొరకలేదు. ఝాన్సీ ఉద్యోగం పోయింది. కుదిరిన పెళ్లి తప్పిపోయింది. ఆ గొంతు మాత్రం చెవిలో ఉండిపోయింది.

ఈ సైకిల్ క్లబ్బులో చేరిన మొదటి రోజే అది మళ్లీ వినపడింది. "రామ్మా, భయం లేదు, నేనున్నాగా!" క్లబ్బు పెట్టిందే ఆయనట. రోడ్డు మీద ఎలా మసలుకోవాలో బడులకు వెళ్లి పిల్లలకు చెప్పొస్తాడట. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఆయన వెనకే వస్తానని ఝాన్సీ పట్టుబట్టింది. తన మీద ఆ అమ్మాయికి ఎంత నమ్మకమో అని కామరాజు అందరికీ గర్వంగా చెప్పుకునేవాడు.

తను పడినా సరే, ఒక్క తోపు తోస్తే చాలని ఆమె చాలాసార్లు అనుకుంది. కానీ అంత తేలిగ్గా వదిలేయడం ఆమెకు ఇష్టం లేదు.

రోడ్డు పల్లంలోకి దిగింది. గాలి హోరెత్తింది. తక్కినవాళ్లు కాస్త వెనకబడ్డారు. ఝాన్సీ ముందుకు వంగింది.

"ఊపిరాడుతోందిలే," అంది, ఆయనకు మాత్రమే వినపడేలా. "ఎవరూ చూళ్లేదు, ఎక్కు!"

పెడళ్లు ఆగిపోయాయి. సైకిల్ అటూ ఇటూ ఊగింది.

"ఆ రోజు... అది నువ్వా?"

"నేనే."

"భయపడిపోయానమ్మా. మా ఆవిడ కూడా వెంటే ఉంది. ఏం చెయ్యాలో తోచలేదు..." కామరాజు తడబడుతూ మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. "పోలీసులకి చెప్పేస్తావా?"

"చెప్తాను. ఎప్పుడన్నది నా ఇష్టం. అప్పటిదాకా ప్రతి ఆదివారం మీరు రావాలి. నేను మీ వెనకే ఉంటాను. ఇవాళ చెప్పేస్తుందేమో, రేపు చెప్పేస్తుందేమో అని చస్తూ తొక్కాలి మీరు."

ఆయన వెక్కుతున్నాడు. మూడేళ్లలో మొదటిసారి ఝాన్సీకి ప్రాణం హాయిగా అనిపించింది.

"ఏడుపు తర్వాత, కామరాజు గారూ. ముందు చూసి పోనివ్వండి."

ఆ రెండు సీట్ల సైకిల్ మీద ముందేముందో చూడగలిగేది ఆయనొక్కడే. ఆమె చూపు ఆ రోజే, ఆ రోడ్డు మీదే పోయింది.