రెండో శవం

"వెలిగించెయ్ బైరాగీ. ఇవాళ్టికి ఆ రూలు పక్కన పెట్టు," అన్నాడు ఇంజనీరు జయంత్.

ఆ రూలు పెట్టింది జయంతే. విద్యుత్ శ్మశానంలో ఒక్క శవం కోసం కొలిమిని వేడెక్కించకూడదు. రెండోది వచ్చాక వెలిగిస్తే ఒకే వేడితో రెండూ అయిపోతాయి. అప్పట్నుంచీ కరెంటు బిల్లు బాగా తగ్గింది.

కొలిమి నడిపే బైరాగి బెంచీ మీంచి లేవలేదు. ఎదురుగా నేల మీద పొద్దున వచ్చిన శవం ఒక్కటే ఉంది.

"ఇంకోటి రానీండి బాబూ. ఏడ్సినోళ్లకీ, తిట్టినోళ్లకీ ఆగమనే సెప్పినాను. ఇప్పుడేటి, ఏ మొకం ఎట్టుకుని ముట్టించమంటారు?"

జయంత్ అతని పక్కన కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక వాట్‌గంజ్ పేటలో ఉండే తెలుగువాళ్లు ఇంకో శవాన్ని తెచ్చారు. బైరాగి లేచి స్విచ్ వేశాడు. కొలిమి ఎర్రబడేదాకా దాని ముందే నిలబడ్డాడు. తర్వాత తలుపు తెరిచి వాళ్లను రమ్మన్నాడు.

"ముందొచ్చింది ఆ శవం కదా అన్నా," అన్నాడు వాళ్లలో పెద్దాయన.

బైరాగి వంగి, తెల్లగుడ్డ మీద వాలిన ఈగను తోలాడు.

"మీది కానీండి. మా ఆవిడ ఆగుతాది."