గుండ్రటి అక్షరాలు

"అరవై కంప్యూటర్లకూ ఒకేసారి ఎక్కించేస్తావా?" అని మీనాక్షమ్మ నోరు తెరిచింది.

ల్యాబ్ టెక్నీషియన్ సెల్వకుమార్ సర్వర్ దగ్గర మీట నొక్కాడు. "ఒకదాన్ని బాగా తయారుచేసి నకలు తీసినానత్తా. అదే అన్నిట్లోకీ పోతుంది."

"మన తెలుగు పెట్టినావు కదా?"

సోగత్తూరు నుంచి వచ్చి తమిళనాట ఉన్న ఈ ధర్మపురి కాలేజీ ల్యాబ్ ఊడ్చే మీనాక్షమ్మ, నెల రోజులుగా అతణ్ణి అడుగుతున్నది అదొక్కటే. ఇద్దరిదీ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం.

"ఇంగ్లీషు, తమిళం, తెలుగు. మూడూ పెట్టినాను."

గంటకు తెరలన్నీ వెలిగాయి. ప్రతిదాని మీదా మూడు వరుసల స్వాగతం, చివరి వరుసలో గుండ్రటి అక్షరాలు. మీనాక్షమ్మ చీపురు గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ వరుసను మెల్లగా తాకింది.

"మా నాయన రాసేవి ఇట్లనే ఉండేవి. మాకే ఎవరూ నేర్పలేదు."

అప్పుడే లోపలికొచ్చిన లెక్చరర్ భాగ్య ఆ వరుసను గడగడా చదివేసింది. "మా కన్నడం కూడా పెట్టారే!" అంది తమిళంలో, సంబరంగా.

సెల్వకుమార్ గబగబా సర్వర్‌లో భాషల జాబితా తెరిచాడు. అందులో ఏ భాష పేరు ఆ భాష లిపిలోనే ఉంది. గుండ్రంగా కనబడినదాన్ని తెలుగనుకుని ఎంచుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న భాషను ఆనవాలు పట్టలేకపోయాడు.

"మళ్ళా చేస్తానత్తా. గంట పని."

మీనాక్షమ్మ తెర మీది నుంచి చెయ్యి తీసి, చీపురు అందుకుంది.

"వద్దులే నాయనా. మార్చినావో లేదో నాకెట్ల తెలుస్తుంది? నీకు మాత్రం ఎట్ల తెలుస్తుంది?"