జేబులో దస్తీ

ఆ రోజు హెడ్ కానిస్టేబుల్ సాంసన్ చేయాల్సిన పనులు ఐదు. పాడైన స్టేషన్ కెమెరాను మానుకోటలో రిపేరుకు ఇచ్చి రావాలి. యూనిఫాం విప్పి, పెళ్లికి వచ్చిన చుట్టంలా తయారు కావాలి. ఫంక్షన్ హాలు రెండు దర్వాజాల దగ్గర కానిస్టేబుళ్లను పెట్టాలి. స్టేజీ ఎక్కే ప్రతి ముఖాన్నీ చూడాలి. వాల్యా కనబడగానే జేబులోంచి దస్తీ తీసి మెడ తుడుచుకోవాలి.

మిగతాది ఎస్‌ఐ సురేందర్ చూసుకుంటాడు.

తెలంగాణ కోసం కేసముద్రంలో రైళ్లు ఆపిన కేసులో వాల్యా మొదటి నిందితుడు. రెండు నెలలుగా దొరకడం లేదు. ఈ రోజు అతని ఒక్కగానొక్క చెల్లెలు జమున రిసెప్షన్. రాక ఎక్కడికి పోతాడని ఎస్‌ఐ ధీమా. ఆయన కొత్తగా వచ్చాడు, వాల్యాను ఎన్నడూ చూడలేదు. స్టేషన్ మొత్తంలో ఆ ముఖం ఎరిగినవాడు సాంసన్ ఒక్కడే.

ఎరగక ఎట్లా? పట్టాల మీద తోపులాటలో సాంసన్ తల పగిలి పడిపోతే, భుజాన వేసుకుని దవాఖానకు ఉరికినవాడు వాల్యానే.

"లాఠీ పట్టుకున్నంత మాత్రాన పరాయోనివైతవా సార్? నువ్వు గూడ మనోనివే గద," అన్నాడు దారిలో.

ఆ సంగతి ఎస్‌ఐ చెవిన కూడా పడింది. అందుకే పొద్దున్నే చెప్పాడు. "ఇయ్యాల వాడు తప్పిచ్చుకున్నడంటే నువ్వే ఇడిసిపెట్టినవనుకుంట. నీ నౌకరి నీ చేతులనే ఉన్నది."

మధ్యాహ్నం రెండు. మే నెల. కరెంటు లేదు. జనరేటర్ స్టేజీ లైట్లకే సరిపోతోంది. ఫ్యాన్లు తిరగడం లేదు. సాంసన్ చొక్కా వీపుకు అంటుకుపోయింది. నుదుటి చెమట కళ్లలోకి దిగి మండుతోంది. జేబులో దస్తీ ఉంది. తీయడానికి లేదు.

హాలంతటికీ హుషారుగా ఉన్నది ఫొటోగ్రాఫర్ ఒక్కడే. నెత్తిన టోపీ, కంటికి కెమెరా. స్టేజీ ముందు అటూ ఇటూ తిరుగుతూ అందరినీ గదమాయిస్తున్నాడు.

"తాతా, జర ముందటికి రా. అక్కా, పిల్లగాని చెయ్యి నీ ముఖానికి అడ్డమొస్తున్నది. ఒకరి నీడ ఒకరి మీద పడొద్దు. కండ్లన్ని నా దిక్కే ఉండాలె. గట్లయితేనే ఫొటో పది కాలాలు నిలుస్తది."

"ఫొటో తీస్తున్నవా, కవాతు చేయిస్తున్నవా బిడ్డా?" అన్నాడు ముసలాయన. అందరూ నవ్వారు.

జమున నవ్వలేదు. ఎడమ పక్క పెళ్లికొడుకు. కుడి పక్క ఒక మనిషి పట్టేంత ఖాళీ. అక్కడ ఎవరినీ నిలబడనివ్వడం లేదు.

"గది మా అన్న జాగ," అంటోంది. కెమెరా వైపు చూసినప్పుడల్లా ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఏడ్వకు చెల్లె. నా దిక్కు చూడు."

జమున తల్లి తుల్సీబాయి ఫొటోగ్రాఫర్‌కు గ్లాసు నిండా మజ్జిగ తెచ్చిచ్చింది.

"మనకు నీళ్ల చుక్క లేదు గని, ఫొటోలాయనకు మజ్జిగనట," అని ఎస్‌ఐ సాంసన్ చెవిలో గొణిగాడు. "మన కెమెరా ఇప్పుడే పాడు గావాల్నా?"

తర్వాత ఫొటోగ్రాఫర్‌ను పక్కకు పిలిచాడు. "నేను ఎస్‌ఐని. స్టేజీ ఎక్కిన ముఖాలన్ని నాకు కావాలె."

"ఇస్త సార్. నా ముంగటికొచ్చిన ఒక్క ముఖాన్ని గూడ ఇడువ."

మూడు దాటింది. స్టేజీ ఎక్కి దిగిన వాళ్లలో వాల్యా లేడు. ఇక చివరి గ్రూపు ఫొటో.

"నడుమ ఖాళీ ఉంటే ఫొటోల పస ఉండదు," అంటూ ఫొటోగ్రాఫర్ హాలంతా చూశాడు. వేలు సాంసన్ దగ్గర ఆగింది. "గా పెద్దసారును పిలువుండ్రి. నిలబడతడు."

ఈసారి జమున వద్దనలేదు.

ఎస్‌ఐకి నవ్వొచ్చింది. "పోవయ్యా, అన్న జాగల నిలబడు. మీది నుంచి ముఖాలన్ని మంచిగ కనబడ్తయి."

సాంసన్ ఎక్కాడు. ఎదురుగా లైట్లు. వెనుక గోడ. ఒక పక్క జమున, ఇంకో పక్క తుల్సీబాయి. కింద ఎస్‌ఐ. రెండు దర్వాజాల దగ్గర తాను పెట్టిన మనుషులే.

"సార్, ముఖం చెమటకు మెరుస్తున్నది. ఫొటో ఖరాబైతది. జేబుల దస్తీ లేదా?"

సాంసన్ చెయ్యి జేబు దాకా పోయింది. ఎస్‌ఐ కుర్చీలోంచి సగం లేచాడు. దర్వాజా దగ్గరి కానిస్టేబుల్ లాఠీ సర్దుకున్నాడు.

"లేదు," అన్నాడు సాంసన్.

జమున తన కొంగుతో అతని నుదురు తుడిచింది.

ఫ్లాష్ వెలిగింది.

ఫొటోగ్రాఫర్ సంచి సర్దుకుని, ఎస్‌ఐకి నమస్తే పెట్టి, ముందటి దర్వాజాలోంచి వెళ్లిపోయాడు. చీకటి పడే వేళకు ఎస్‌ఐ లేచి తాను కూర్చున్న కుర్చీని తన్నాడు.

స్టేషన్ కెమెరా మరునాడే రిపేరై వచ్చింది. వారం తిరగకముందే సాంసన్‌ను భూపాలపల్లి దాటి అడవి అంచుకు బదిలీ చేశారు. నౌకరి అయిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆ రోజు సంగతి ఎవరితోనూ అనలేదు.

రాష్ట్రం వచ్చింది. కేసు పోయింది. ఆ ఫొటో ఇప్పటికీ జమున ఇంట్లో గోడ మీద ఉంది. "మీ అన్న ఏడి? ఆయన జాగల గీ పెద్దమనిషెవరు?" అని అడిగినవాళ్లకు ఆమె చెప్పేది ఒక్కటే.

"ఫొటో తీసిందే మా అన్న, పొద్దుగాల పోలీస్ స్టేషన్ కెమెరా ఆయన మెడల ఏసి తోలిచ్చిన గీ సాంసన్ సారును జర యాది పెట్టుకోండ్రి."