పాసేజీలో చెప్పలేదు

పది నిమిషాలన్న డెమో గంట దాటినా డైరెక్టరు ఆపమనడం లేదు. అది మంచికో చెడుకో తెలియక మాస్టారు బోర్డుకీ బల్లకీ మధ్య గానుగెద్దులా తిరుగుతున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఈసారి కూడా ‘చూద్దాం అన్నారు’ అంటూ ఇంటికొస్తే తన మొహం చూడనని భార్య పొద్దున్నే తేల్చేసింది. ఈ కోచింగ్ సెంటరు ఉద్యోగం వచ్చి తీరాలి. డెమో కాస్తా ‘ఏమో’ కాకూడదు.

డైరెక్టరు చివరి బెంచీలో చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు. ముందు బెంచీల నిండా విదేశీ ఉద్యోగాల కోసం ఇంగ్లీషు పరీక్ష రాయబోయే జనం.

“పాసవ్వాలంటే పాసేజీతో ప్రేమలో పడకూడదు,” అన్నాడు మాస్టారు. “ముందు ప్రశ్న చదవండి. అందులో పేరో, అంకో, ఊరో పట్టుకోండి. ఆ తర్వాతే పాసేజీలోకి దిగండి, దాన్ని మాత్రమే వెతకండి. సంతలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతికేవాడు గాజుల బేరం చెయ్యడు కదా.”

అందరూ నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు. మాస్టారి గుండె జారి జేబులో పడింది. అక్కడ ఇంకేమీ లేదు కాబట్టి చోటుకి కొరత లేదు. గబగబా అందర్నీ తికమకపెట్టే రకం ప్రశ్నకి వచ్చాడు. కరెక్టా, తప్పా, లేక పాసేజీలో చెప్పలేదా?

“మా ఆవిడ వంట అద్భుతంగా చేస్తుంది. ఇదే పాసేజీ. ఇక ప్రశ్న. మా ఆవిడ నాకు రోజూ వండిపెడుతుంది. ఏమంటారు?”

“కరెక్టు,” అన్నాడు పెళ్ళికాని ఎలక్ట్రీషియను.

“చెప్పలేదు,” అంది ముందు బెంచీ నర్సమ్మ.

“నర్సమ్మకి మార్కు. నువ్వు ఊహించుకున్నావు నాయనా. ఊహలకి మార్కులుండవు, పెళ్ళయ్యాక నీకే తెలుస్తుంది. మనకి తెలిసింది కాదు, పాసేజీలో రాసింది చూడాలి.”

ఈసారి డైరెక్టరు పెదవులు కూడా కాస్త నవ్వుకి విచ్చుకున్నాయి. “తర్వాతి పాసేజీ కూడా కానివ్వండి మాస్టారూ,” అన్నాడు.

ఇందాకటిదాకా ‘ఏవండీ’ అన్నవాడు ‘మాస్టారూ’ అన్నాడు. దాంతో మాస్టారికి కొమ్ములొచ్చాయి. రెండో పాసేజీని చీల్చి చెండాడాడు. నర్సమ్మ హోంవర్కు అడిగితే ఇచ్చాడు. హోంవర్కు ఇచ్చినవాడే కదా దిద్దాలి, అంటే రేపు తను రావాల్సిందే కదా అని లోలోపల మురిసిపోయాడు. బయటికొస్తూ స్టాఫ్ రూములోకి తొంగిచూసి ఫ్యాను కింది కుర్చీ మీద కన్నేశాడు. పోటీ పడాల్సిన పనేం లేదు, కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి.

“చాలా బాగా చెప్పారు. కబురు చేస్తాం,” అని నమస్కారం పెట్టి డైరెక్టరు తన గదిలోకి వెళ్ళిపోయాడు.

మాస్టారు మెట్లు దిగాడు. ఉద్యోగం ఇచ్చామనలేదు. ఇవ్వమనీ అనలేదు. మళ్ళీ ఎక్కాడు. మరీ ఆత్రం అనుకుంటారేమో? దిగాడు. గుమ్మంలో మొహం చూడనన్న మొహం గుర్తొచ్చింది. ఎక్కేశాడు. ఎప్పటికి కబురు చేస్తారో అడిగే తీరాలనుకుని, ఓరగా వేసున్న తలుపు మీద వేలు పెట్టాడు.

లోపల డైరెక్టరు ఎంతో మర్యాదగా ఫోనులో మాట్లాడుతున్నాడు.

“ఉద్యోగం సంగతి డెమో అయ్యాక మాట్లాడుకుందాం మేడమ్, రేపు పదింటికి వచ్చెయ్యండి. నిన్న డెమోకొచ్చినావిడ గ్రామరు ముగించింది, ఇవాళొచ్చినాయన రెండు పాసేజీలు చెప్పి హోంవర్కు కూడా ఇచ్చి వెళ్ళాడు. మీరు అది దిద్ది, మూడో పాసేజీ అందుకోండి చాలు.”